ఊరి పేరు పుట్టుక వెతకడం ఎలా: ఇటలీ పోస్టుకార్డు నుంచి మా గుండ్లపల్లి దాకా

నల్లగొండలో ముప్పై నాలుగేళ్లు నేను ఉత్తరాలు వేరుచేసే పని చేశాను. గోడకు ఆనించిన చెక్క గూళ్లు, గూటికో ఊరి పేరు. కవరు మీది పేరు చదవాలి, ఆ గూట్లో వేయాలి. ఒకే ఊరిని పదిమంది పది రకాలుగా రాస్తారని, ఒకే పేరుతో పది ఊళ్లుంటాయని నాకు అక్కడే తెలిసింది. పిన్‌కోడు 1972లోనే వచ్చినా పల్లెల ఉత్తరాల మీద అది కనిపించడం తక్కువ. చివర ‘వయా నకిరేకల్’ అనో ‘వయా దేవరకొండ’ అనో రాసిన రెండు మాటలే ఉత్తరాన్ని చేరవలసిన చోటికి చేర్చేవి. అన్ని వేల పేర్లు చదివినా మా ఊరి పేరుకు అర్థమేమిటని ఏనాడూ ఆలోచించలేదు.

ఆలోచింపజేసింది ఒక పోస్టుకార్డు. మా పెద్దమ్మాయి, అల్లుడు ఇటలీ వెళ్లినప్పుడు పంపారు. బొమ్మలో లోయ మధ్య ఒంటరిగా నిలబడ్డ కొండ, దాని నెత్తిన కొన్ని రాతి ఇళ్లు, అక్కడికి చేరడానికి సన్నని కాలినడక వంతెన. వెనకవైపు అమ్మాయి నాలుగు వరుసలు రాసింది: “నాన్నా, ఈ ఊరి పేరుకు రాజుగారి స్నానఘట్టం అని అర్థమట. మీ ఊరి పేరుకు అర్థమేమిటని ఇక్కడ ఒకావిడ అడిగింది. గుండ్లపల్లి అని పేరు చెప్పాను గానీ అర్థం చెప్పలేకపోయాను.”

ఆ జవాబు వెతకడానికి నాకు రెండేళ్లు పట్టింది. అందులో సగం కాలం నా తప్పులకే పోయింది. మీ ఊరి పేరును మీరు వెతకబోతే ఆ తప్పులు మళ్లీ జరగకూడదని ఇది రాస్తున్నాను.

కథ ఒకవైపు, తేదీ ఒకవైపు

ఆ ఇటలీ పల్లె పేరు చివిత ది బాన్యోరెజో. రోమ్‌కు ఉత్తరంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, వితెర్బో పరిధిలో ఉంది. రెండున్నర వేల ఏళ్ల కిందట ఎట్రుస్కన్లు అనే ప్రాచీన జాతివారు కట్టుకున్న ఊరు. అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి ఏర్పడిన రాతి పలక మీద ఇళ్లు, పలక కింద బంకమట్టి. వాన, వాగులు ఆ మట్టిని కోసేస్తుంటే ఊరు అంచుల నుంచి కొంచెం కొంచెం లోయలోకి జారిపోతోంది. 1695లో వచ్చిన భూకంపం తర్వాత చాలామంది పక్కనే ఉన్న బాన్యోరెజోకు తరలిపోయారు. ఇప్పుడు కొండ మీద ఏడాది పొడవునా ఉండేవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ‘చచ్చిపోతున్న ఊరు’ అని ఇటలీవారే దానికి మారుపేరు పెట్టారు.

ఇక పేరు. చివిత అన్నది నగరం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. బాన్యో అంటే స్నానం, రెజో అంటే రాజుకు చెందినది. పాత లాటిన్ రూపం బల్నేయుం రెగిస్. ఇటలీని ఏలిన లొంబార్డు జాతి రాజు దెసిదేరియో జబ్బుపడి, అక్కడి వేడినీటి ఊటల్లో స్నానం చేసి కోలుకున్నాడని, అందుకే ఊరికి ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్లు కథ చెప్పుకుంటారు. చదివినప్పుడు నేనూ నమ్మాను. కానీ దెసిదేరియో 8వ శతాబ్దపు రాజు, 774లో అతని రాజ్యం పోయింది. 590 నుంచి 604 దాకా పోప్‌గా ఉన్న మొదటి గ్రెగరీ ఉత్తరాల్లోనే ఆ ఊరి పేరు బల్నేయుం రెగిస్ అని కనిపిస్తుంది. రాజు గద్దెనెక్కడానికి నూటయాభై ఏళ్ల ముందే పేరు ఉంది. అంటే కథ నుంచి పేరు రాలేదు, ఉన్న పేరుకే తర్వాత కథ అల్లారు. ఈ ముడి విప్పింది ఒక ఉత్తరమని తెలిసిన రోజున, బతుకంతా ఉత్తరాల మధ్య గడిపినవాడిగా నాకు కలిగిన సంతోషం చెప్పలేనిది.

మీ మొదటి పని కూడా ఇదే. ఒక నోటుపుస్తకం కొని ప్రతి పేజీకి నడుమ నిలువుగీత గీయండి. ఎడమవైపు ఊళ్లో చెప్పే కథలు రాయండి, కుడివైపు తేదీ ఉన్న రాతలు మాత్రమే రాయండి. కథలో రాజుంటే ఆ రాజు కాలం పక్కనే రాసుకోండి. కుడివైపు అంతకంటే పాత తేదీతో పేరు దొరికితే ఆ కథ మూలం కాదని తేలిపోతుంది. తేలినా కథను కొట్టివేయకండి. ఎవరు చెప్పారో, వాళ్లు ఎవరి దగ్గర విన్నారో రాసి ఉంచండి. ఊరివాళ్లు తమ పేరును ఎలా అర్థం చేసుకున్నారో చెప్పే సాక్ష్యం అదే.

కొన్ని పేర్లకు వెతుకులాటే అక్కర్లేదు, తేదీతో సహా తెలుసు. పాలమూరును 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్‌గా మార్చారు. బాన్యోరెజో కూడా 1922 దాకా బాన్యోరెయాయే. ఇటువంటి చోట్ల ఉత్తర్వు వెనక దాగిన పాత పేరును పట్టుకోవాలి. పాలమూరు పేరుకు పాడి కారణమని కొందరంటారు, పాలచెట్లు కారణమని మరికొందరంటారు. రెండూ ఎడమవైపుకే వెళ్తాయి.

పేరును పెద్దల నోట వినండి

బస్సు బోర్డు మీద ఉన్నది ఊరి పేరు కాదనుకుని మొదలుపెట్టండి. ఆ రూపం ఎన్ని చేతులు మారి అక్కడికి వచ్చిందో చూస్తే ఇది అతిగా అనిపించదు. నిజాం పాలనలో కాగితాలు ఉర్దూలో రాసేవారు. ఉర్దూ రాతలో హ్రస్వాచ్చులను మామూలుగా గుర్తించరు. ణ, ళలకు అక్షరాలు లేవు. ఆ కాగితం చూసి ఒకరు ఇంగ్లీషులోకి, ఆ ఇంగ్లీషు చూసి ఇంకొకరు మళ్లీ తెలుగులోకి దించుకున్నారు. నల్లగొండే చూడండి. పాత పేరు నీలగిరి అని, బహమనీల కాలంలో నల్లగొండ అయిందని జిల్లా చరిత్ర చెబుతుంది. నిజాం దఫ్తరాల్లో అది నల్గొండ అయింది. ఒక ‘ల’, దానితోపాటు అచ్చు జారిపోయాయి. ఇప్పటికీ మా ఊళ్ల ముసలివాళ్లు ఆ ‘ల్ల’ను వత్తి పలుకుతారు.

అడిగే తీరులోనే ఉంది కిటుకు. “మన ఊరికి ఈ పేరు ఎందుకు వచ్చింది?” అని అడిగితే వెంటనే కథ చెబుతారు. నేను మొదటి ఆరు నెలలు అలాగే అడిగి ఒకే కథ పదిహేడు సార్లు రాసుకున్నాను. తర్వాత ప్రశ్న మార్చాను. “అవ్వా, నువ్వు కోడలిగా రాకముందు మీ అమ్మగారి ఊళ్లో మా ఊరిని ఏమనేవారు?” అని అడిగాను. ఊరి పేరు ఊరివాళ్లకంటే పొరుగూరివాళ్లకే ఎక్కువ అవసరం. పిల్లనిచ్చినప్పుడు, పశువుల సంతకు వెళ్లినప్పుడు, అప్పు వసూలుకు వచ్చినప్పుడు పలికేది వాళ్లే. అందుకే పెళ్లి చేసుకుని వచ్చిన ముసలి కోడళ్ల దగ్గర పాత పేర్లు దొరుకుతాయి. ఎనభై దాటిన ఒక అవ్వ మా ఊరిని తన పుట్టింట్లో ‘బోడగుండ్లు’ అనేవారని చెప్పింది. పల్లి లేదు, పేట లేదు, ఉత్త బోడగుండ్లు. ఆ మాట నా పుస్తకంలో ఆరు నెలలు మూగగా పడి ఉంది.

విన్నదాన్ని విన్నట్టే రాయండి, సరిదిద్దకండి. ఫోనులో రికార్డు చేయడానికి అనుమతి అడగండి. ఒప్పుకోకపోతే మానేయండి.

స్థలపురాణం మీ ఊరికి ఒక సంస్కృతం పేరు చెబితే దాన్ని తెలుగులోకి తిప్పి చూడండి. నీల, నల్ల, గిరి, కొండ: రెండు పేర్లు ఒకటే మాట. ఓరుగల్లు, ఏకశిలానగరం కూడా అంతే. ఒరు అంటే ఒక, కల్లు అంటే రాయి. మా దక్షిణాన కృష్ణ, తుంగభద్ర కలిసే చోట కూడవెల్లి అనే ఊరుండేది. కూడడం అంటే కలవడం, వెల్లి అంటే నీటి పొంగు. గుడిలోని దేవుడు సంగమేశ్వరుడు. తెలుగువారు అన్నదే సంస్కృతంలోనూ అన్నారు. శ్రీశైలం జలాశయంలో ఆ చోటు మునిగినప్పుడు గుడిని రాళ్లు విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారు. నదులు కలిసే చోటు అక్కడ లేదు, సంగమేశ్వరుడి పేరు మాత్రం గుడితో పాటు వెళ్లింది.

విరిచేటప్పుడు వ్యాకరణాన్ని పక్కన పెట్టుకోండి

తోక మాటలు గుర్తుపట్టడం తేలిక. ఊరు, పల్లి, పేట, గూడెం, తండా అందరికీ తెలిసినవే. కొండ, గుట్ట, బండ, కల్లు (మాటల్లో కల్, గల్ అవుతుంది) రాతిని చెబుతాయి. కుంట, మడుగు, చెర్ల నీటిని చెబుతాయి. ప్రోలు పాత తెలుగులో పట్టణం. అసలు కష్టం ముందు మాట దగ్గర వస్తుంది.

మా గుండ్లపల్లికి నాకు మూడు వివరణలు దొరికాయి. గుడి పూజారి గారు, సీతమ్మ స్నానానికి రాముడు తవ్విన గుండం వల్ల ఆ పేరు వచ్చిందన్నారు. బడిలో సాంఘికశాస్త్రం చెప్పే కుర్రవాడు, కాకతీయుల వంశంలో గుండయ అనే పేరు ఉంది కాబట్టి గుండయ పల్లి అన్నాడు. నాకు తోచింది గుండ్లు, అంటే పెద్ద బండరాళ్లు. కానీ మా ఊరి చుట్టూ ఎటు చూసినా చదునైన ఎర్ర చెలకలే. గుమ్మడికాయంత గుండు కూడా కనిపించదు. అందుకని నా ఊహను నేనే ఏడాదిపాటు పక్కన పెట్టాను. నా పెద్ద తప్పు అదే. ఇవాళ కనిపించడం లేదు కాబట్టి ఎన్నడూ లేదనుకున్నాను.

వ్యాకరణాన్ని అడిగి ఉంటే అప్పుడే చెప్పేది. గుండు బహువచనం గుండ్లు, దానికి మరో మాట చేరితే గుండ్ల. గుండం బహువచనం గుండాలు, మాట చేరితే గుండాల. యాదాద్రి భువనగిరి జిల్లాలో గుండాల అనే ఊరే ఉంది. గుండయ నుంచి గుండయపల్లి రావచ్చు, ‘ల’ ఎక్కడి నుంచి వస్తుంది? మీ ఊరి పేరులోని ప్రతి అక్షరానికీ ఇలా లెక్క చెప్పించండి. కథకు అక్కర్లేని అక్షరం ఒక్కటి మిగిలినా ఆ కథను అనుమానించండి.

అయితే వ్యాకరణం ఒక్కదాన్నే నమ్మినా బోల్తా పడతారు. నాగర్‌కర్నూల్ జిల్లాలో నంది వడ్డెమాను ఉంది. చెవితో వింటే వడ్డె, మాను అని రెండుగా విరుగుతుంది. వడ్డెరవాళ్లు, చెట్టు అని ఎవరైనా కథ కట్టవచ్చు. కానీ అది గోన వంశపు పాలకుల రాజధాని వర్ధమానపురం. వర్ధమానుడు జైన తీర్థంకరుడు మహావీరుడి పేరు. సంస్కృతంలోని ‘వృద్ధి’ మన నోట ‘వడ్డి’ అయినట్టే, ‘వర్ధ’ కూడా ‘వడ్డ’ అయింది. పాత రాత చేతిలో లేకపోతే ఈ దారి కనిపించదు. భువనగిరి కూడా ఇటువంటిదే. పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడికి త్రిభువనమల్లుడని బిరుదు. ఆయన పేరు మీద త్రిభువనగిరి. ముందు ‘త్రి’ పోయి భువనగిరి, తర్వాత నడుము కూడా నలిగి భోన్‌గీర్.

పాత రాతలు దొరికే చోట్లు

శాసనం కోసం గుడి ఒక్కదాన్నే చూడకండి. చెరువు కట్ట, తూము పక్క, పాత ఊరి దిబ్బ, పొలాల గట్లు కూడా చూడండి. బట్టలుతికే బండలుగా, పశువుల తొట్ల పక్క రాళ్లుగా మారిన శాసనాలను నేను చూశాను. కనిపిస్తే పిండి, సుద్ద, నూనె పూయవద్దు, గీకవద్దు. పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళ వెళ్లండి. అక్షరాల గుంతల్లో నీడ నిలుస్తుంది, ఫోను ఫొటోకు అది చాలు. నాలుగు వైపులా తీయండి, పక్కన ఒక స్కేలు పెట్టండి. చదవడం మనవల్ల కాకపోతే పురావస్తు శాఖకు, విశ్వవిద్యాలయంలోని చరిత్ర శాఖకు ఫొటోలు పంపండి.

శాసనంలో శక సంవత్సరం ఉంటే 78 కలపండి, క్రీస్తుశకం వస్తుంది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో ఎరుకేశ్వరాలయం శక సంవత్సరం 1130 నాటిది, అంటే 1208. ప్రభవ, విభవ వంటి సంవత్సరం పేరు మాత్రమే ఉంటే జాగ్రత్త. అది అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. పిల్లలమర్రి అన్నాను కాబట్టి ఒక మాట. ఆ పేరుకు అర్థం తెలియాలంటే మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి దగ్గరికి వెళ్లి చూడండి. తల్లి మాను ఏదో, దిగిన ఊడ ఏదో తెలియకుండా ఎకరాల మేర అల్లుకున్న మర్రి అది. చెట్టు లేని ఊళ్లో పేరు అర్థం కాకపోతే, చెట్టు ఉన్న చోట అర్థమవుతుంది.

జిల్లాల వారీగా అచ్చయిన శాసన సంపుటాలు పెద్ద గ్రంథాలయాల్లో దొరుకుతాయి. వెతికేటప్పుడు పాత జిల్లా కింద చూడండి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. సూర్యాపేట, భువనగిరి ప్రాంతాల ఊళ్లు నల్లగొండ సంపుటాల్లో ఉంటాయి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ఊళ్లు మహబూబ్‌నగర్ కింద ఉంటాయి. ఈ చిన్న సంగతి తెలియక ఒక మిత్రుడు తన ఊరికి శాసనమే లేదనుకుని వెనక్కి వచ్చేశాడు.

శాసనం దొరకని ఊళ్లే ఎక్కువ. మాకూ దొరకలేదు. అప్పుడు రెవెన్యూ కాగితాలే దిక్కు. 1954–55 నాటి ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన లెక్క), అంతకుముందటి సేత్వార్ (సర్వే నంబర్ల వారీగా రాసిన మూల భూమి లెక్క), గ్రామ నక్షా (ఊరి పటం): ఈ మూడింటిని తహసీల్దారు కార్యాలయంలో అడగండి. రాతపూర్వకంగా అడగండి, నకలు దగ్గర ఉంచుకోండి. ఒక కార్యాలయంలో నాకు కాగితాలే లేవని మూడుసార్లు చెప్పారు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాక నెల తిరిగేలోపు దొరికాయి.

ఆ కాగితాల్లో ఊరి పేరు ఎలా రాశారో చూడటం ఒక ఎత్తు, పొలాల పేర్లు చదవడం ఇంకొక ఎత్తు. ఊరి పేరు మారినా పొలం పేరు మారదు. దాన్ని మార్చాలన్న ఆలోచన ఏ రాజుకూ రాదు. మా పహాణీలో పడమటివైపు భూమి దగ్గర ‘గుండ్ల చెలక’ అని ఉంది. ఎదుటి పేజీలో ‘గుండ్లకుంట’. అవ్వ చెప్పిన బోడగుండ్లు ఆ రోజు నోరు విప్పింది.

కొన్ని ఊళ్ల పక్కన ‘బేచిరాగ్’ అని రాసి ఉంటుంది. దీపం లేనిది అని ఆ ఉర్దూ మాటకు అర్థం. మనుషులు వెళ్లిపోయి, పేరు, భూమి మాత్రమే మిగిలిన ఊరు. ఇది మీ నక్షాలో కనిపిస్తే తప్పక రాసుకోండి. మీ ఊరివాళ్లు అక్కడి నుంచే తరలివచ్చి ఉండవచ్చు, పేరు కూడా వాళ్లతోనే వచ్చి ఉండవచ్చు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు పోస్టుకార్డు మీది కొండ ఊరే గుర్తుకొస్తుంది.

చివరికి నేల మీద నడవండి

నక్షా కాపీ పట్టుకుని తెలిసినవారిని వెంట తీసుకెళ్లండి. చెరువు నీళ్లు వదిలే నీరడి కుటుంబంవారు ఉంటే వాళ్లకంటే మంచి తోడు లేదు. ఏ మడిని ఏమంటారో వాళ్లకు వరుసగా నోటికి వస్తుంది. బొడ్రాయి దగ్గర మొదలుపెట్టి నాలుగు పొలిమేరలూ చూడండి.

నేను గుండ్ల చెలకకు వెళ్లిన రోజున అక్కడ పత్తి చేను ఉంది. రాయి లేదు. చేను రైతు మాకు వరసకు బావ. “ఇక్కడ గుండ్లుండేవా బావా?” అంటే ఆయనకు తెలియదు. కానీ వడ్డెరవాడలో ఒక పెద్దాయనను అడగమన్నాడు. ఆ పెద్దాయన మంచం మీద నుంచే చెయ్యి పడమటికి చాపి, “మా నాయన పగలగొట్టిన గుండ్లవి. ఏనుగుల లెక్క ఉండేవి. రోడ్డుకు కంకర, ఇళ్లకు పునాది రాయి అక్కడి నుంచే పోయింది. నేను పిల్లప్పుడు సద్ది తీసుకుపోయేవాణ్ణి” అన్నాడు. మా ఇంటి పునాది కూడా ఆ రాయేనని చెప్పాడు.

దొరికినదాన్ని ఒక కాగితం మీద ఇలా పెట్టండి: ఊరి పేరు ఎన్ని రూపాల్లో విన్నారో, ఎక్కడ చదివారో, ప్రతి రూపం పక్కన చెప్పినవారి వయసు లేదా కాగితం సంవత్సరం, మీ తీర్మానం ఒక్క వాక్యంలో, ఎడమవైపు కథలన్నీ కింద. ఒక ప్రతి గ్రామ పంచాయతీకి, ఒకటి బడికి, ఒకటి జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి. పూజారి గారి గుండం కథను నేను అందులో పూర్తిగా రాశాను, ముందు ఆయనకే చదివి వినిపించాను.

తర్వాతి వానాకాలానికి ముందు బావ దున్నకం మొదలుపెట్టినప్పుడు కబురు పంపాడు. చెలక పడమటి గట్టు కింద, ముళ్లపొదల చాటున, గుండు అడుగు ఒకటి మిగిలి ఉంది. మోకాలి ఎత్తు, మంచమంత వెడల్పు. విరిగిన ముఖం మీద ఉలితో వరుసగా కొట్టిన ఏడు గుంతలు. స్కేలు పెట్టి ఫొటో తీసి, సర్వే నంబరు, తేదీ రాసి కుడివైపు అతికించాను. ఇంకో ప్రతి కవరులో పెట్టి, మా అమ్మాయి చిరునామా రాసి, పెద్ద పోస్టాఫీసు డబ్బాలో నా చేత్తోనే వేశాను.